నిస్సెకు గిన్నె పెట్టే పద్ధతి: వెన్న పైన కనబడాలి

నార్వే, డెన్మార్క్ పల్లెల్లో ఒక కథ ఉంది. వంట పద్ధతి సగం ఆ కథలోనే దొరుకుతుంది కాబట్టి దాంతోనే మొదలుపెడదాం. క్రిస్మస్ ముందు రాత్రి ఒక పనిపిల్ల పశువుల కొట్టంలో, ఆ ఇంటిని కనిపెట్టుకుని ఉండే నిస్సె అనే పొట్టి ముసలివాడికి గిన్నె పెట్టింది. అతన్ని కాస్త ఆటపట్టిద్దామని వెన్నముద్దను అడుగున వేసి, దాని మీద గ్రోత్ (చిక్కటి జావ లాంటి వంటకం) పోసింది. నిస్సె వచ్చి గిన్నెలోకి చూశాడు. వెన్న లేదు. ఏడాది పొడుగునా చాకిరీ చేస్తే ఇదా నాకిచ్చేది అని ఒళ్ళు మండిపోయి, కొట్టంలో అన్నిటికంటే మంచి పాడి ఆవును ఒక్క దెబ్బతో చంపేశాడు. కోపం తీరాక ఆకలేసింది. తినడం మొదలుపెడితే గిన్నె అడుగున వెన్న తగిలింది. చేసిన పనికి గుండె తరుక్కుపోయింది. ఆ రాత్రే ఇంకో ఊరికి వెళ్ళి, అచ్చం అలాంటి ఆవునే వెతికి తోలుకొచ్చి అదే గుంజకు కట్టేశాడు.

క్రిస్మస్‌కి నిస్సెకు గిన్నె పెట్టాలనుకునేవాళ్ళు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. వెన్న వేస్తే చాలదు, వేసినట్టు కనబడాలి.

ఎవరీ నిస్సె?

స్కాండినేవియా రైతు ఇళ్ళను కనిపెట్టుకుని ఉండే పొట్టి ముసలివాడు. నార్వే, డెన్మార్క్‌లలో నిస్సె అంటారు. స్వీడన్‌లో తొమ్తె, ఫిన్లాండ్‌లో తొంత్తు. తొమ్త్ అంటే ఇల్లు కట్టుకున్న స్థలం, ఆ స్థలానికి చెందినవాడు తొమ్తె. నిస్సె మాత్రం నీల్స్ అనే మనిషి పేరుకు ముద్దు పేరు, నీల్స్ నికోలస్‌కు పొట్టి రూపం. బూడిద రంగు ముతక ఉన్ని బట్టలు, మోకాళ్ళ దాకా లాగు, నెత్తిన ఎర్ర టోపీ. నార్వేలో కొన్నిచోట్ల అతని చేతికి బొటనవేలు ఉండదని చెబుతారు. ఎత్తు ఒక్కో ఊళ్ళో ఒక్కో మాట, జానెడని కొందరు, పదేళ్ళ పిల్లవాడంతని కొందరు. బలం మాత్రం పెద్ద పెద్ద మగవాళ్ళను మించి.

అతను చేసేది రాత్రి పని. గుర్రాలకు మేత వేస్తాడు, జూలు దువ్వి జడలు అల్లుతాడు, గడ్డి మోస్తాడు, గింజలు దంచుతాడు. 1555లో రోమ్‌లో అచ్చయిన, స్వీడన్ మతగురువు ఒలావుస్ మాగ్నుస్ రాసిన గ్రంథంలో ఇలా రాత్రిపూట కొట్టంలో పనిచేసే అదృశ్య జీవుల బొమ్మ ఉంది. అంతకు రెండు వందల ఏళ్ళ ముందే, 14వ శతాబ్దంలో, స్వీడన్ సెయింట్ బిర్గిత్తా ఇంటిస్థలపు దేవుళ్ళను కొలిచేవాళ్ళను మందలించింది. కాబట్టి ఈ ఆచారం కింద చాలా పాత పొర ఒకటి ఉంది. ఆ పొలాన్ని మొదట అడవి కొట్టి సాగులోకి తెచ్చిన పెద్దమనిషే చచ్చిపోయాక కూడా కాపలా ఉన్నాడన్న నమ్మకం కూడా ఆ ప్రాంతంలో ఉంది.

తెలుగువాళ్ళకు ఇది వినగానే నైవేద్యం అనిపిస్తుంది. అలా అనుకుంటే పద్ధతి తప్పుతుంది. నైవేద్యం పెట్టి, చెయ్యి చూపించి, మళ్ళీ తీసి ప్రసాదంగా మనమే తింటాం. నిస్సె గిన్నెను అలా వెనక్కి తీసుకోకూడదు. ఇది పాలేరుకు ఏడాది చివర కొలిచి ఇచ్చే గింజల లాంటిది. జీతం. చెప్పిన రోజున, చెప్పిన రకం, చెప్పినంత ఇవ్వాలి. తక్కువిస్తే కక్ష కడతాడు. అడగనిది ఎక్కువిచ్చినా పని మానేస్తాడు, అదెలాగో కింద చెబుతాం. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే మిగిలిన నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

డిసెంబర్ 24 సాయంత్రం ఆరు గంటలకు గిన్నె పెట్టాలంటే నాలుగున్నరకు పొయ్యి వెలిగించాలి. నలుగురికి, నిస్సెకు కలిపి కావలసినవి:

పొట్టి గుండ్రటి బియ్యం 2 డెసిలీటర్లు (200 మి.లీ. కొలత, బరువులో దాదాపు 175 గ్రాములు)
నీళ్ళు 400 మి.లీ.
పాలు 1 లీటరు
ఉప్పు అర టీస్పూను
వెన్న, నిస్సె గిన్నెకు 15 గ్రాములు, మనుషులకు తలా అంతే
పంచదార 4 టేబుల్ స్పూన్లు, దాల్చినచెక్క పొడి 1 టేబుల్ స్పూను, రెండూ పొడిగా కలిపి పక్కన పెట్టినవి

నార్వేలో ఉన్న తెలుగువాళ్ళకు బియ్యం వెతుక్కునే పనిలేదు. ఏ కొట్లో అయినా గ్రోత్‌రీస్ అని రాసిన ప్యాకెట్టు దొరుకుతుంది. డెన్మార్క్‌లోనూ స్వీడన్‌లోనూ దాదాపు అదే పేరుతో అమ్ముతారు. మన ఊళ్ళలో అయితే చిట్టిముత్యాలు తీసుకోండి, గింజ చిన్నది, పాలలో బాగా కలుస్తుంది. సోనా మసూరితో కూడా అవుతుంది, కానీ చిక్కదనం తక్కువ, చివర్లో గరిటె వెనకతో కొంచెం మెదపాలి. బాస్మతి వద్దు. ఆ గింజ విడివిడిగా నిలబడేందుకే పుట్టింది, గంటసేపు ఉడికించినా పాలు ఒక పక్క, అన్నం ఒక పక్క ఉంటాయి.

బియ్యాన్ని మూడు నాలుగు నీళ్ళు పోసి కడగడం మనకు చేతి అలవాటు. ఇక్కడ ఆ అలవాటు ఆపుకోవాలి. గింజ పైనున్న పిండే గ్రోత్‌ను చిక్కబరుస్తుంది. గ్రోత్‌రీస్ ప్యాకెట్టు బియ్యాన్ని అసలు కడగరు. విడి బియ్యమైతే ఒక్కసారి, రుద్దకుండా, తేల్చి వంపండి.

పాల సంగతి. నార్వేలో వాడే మామూలు పాలలో 3.5 శాతం వెన్న ఉంటుంది. మన ఫుల్ క్రీమ్ ప్యాకెట్టులో 6 శాతం. అవే లీటరు పోస్తే గ్రోత్ మరీ బరువెక్కి, చల్లారాక పైన మందంగా మీగడ కడుతుంది. 750 మి.లీ. ఫుల్ క్రీమ్, 250 మి.లీ. నీళ్ళు కలపండి. టోన్డ్ పాలైతే నీళ్ళు కలపక్కర్లేదు. గేదె పాలు తెచ్చుకునేవాళ్ళు కూడా పావు వంతు నీళ్ళు కలపాలి.

ఇంకొక మాట. నిస్సెకు బియ్యం మొదటి నుంచీ లేదు. బియ్యం దూరదేశం నుంచి వచ్చిన ఖరీదైన సరుకు కాబట్టి ఒకప్పుడు ఉన్నవాళ్ళ ఇళ్ళలోనే కనబడేది. పల్లెల్లో బార్లీ గ్రోతో, పండగ పూట పుల్లమీగడతో చేసే రొమ్మెగ్రోతో పెట్టేవాళ్ళు. అందుకని బియ్యమే ఉండాలన్న పట్టింపు అక్కర్లేదు. ఇంట్లో ఆ రోజు మనుషులు తినే మంచి గ్రోత్ ఏదో అదే అతనికీ పెట్టాలి, పట్టింపంతా అక్కడే.

వండటం

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. బియ్యం, 400 మి.లీ. నీళ్ళు పోసి మరిగించి, మంట తగ్గించి, మూత పెట్టి పది నిమిషాలు ఉంచండి. నీళ్ళు దాదాపు ఇంకిపోవాలి. మొదట నీళ్ళలో ఎందుకంటే, పచ్చి బియ్యం నేరుగా పాలలో పడితే గింజ మెత్తబడే లోపే పాలు అడుగంటుతాయి.

ఇప్పుడు పాలు. లీటరంతా ఒకేసారి పోసేయండి, కానీ మంట పెంచి వదిలెయ్యకండి. మధ్యరకం మంట మీద, చెక్క గరిటె గిన్నె అడుగుకు తగిలేలా తిప్పుతూ, ఒక్క పొంగు రానివ్వండి. పొంగు కనబడగానే మంట బాగా తగ్గించి, మూత కొంచెం ఓరగా పెట్టి, 40 నుంచి 45 నిమిషాలు. ప్రతి అయిదు నిమిషాలకు ఒకసారి అడుగు దాకా తిప్పాలి. మొదటి ఇరవై నిమిషాలు పల్చగా, పాలలో అన్నం తేలినట్టుంటుంది. చాలామంది అక్కడ కంగారుపడి మంట పెంచుతారు, అడుగంటేది అప్పుడే. ముప్పయ్యో నిమిషం దాటాక ఉన్నట్టుండి చిక్కబడుతుంది. గరిటె ఎత్తితే ధారగా కాకుండా ముద్దలు ముద్దలుగా జారాలి. దించాక, గిన్నెలో చల్లారుతూ ఇంకా గట్టిపడుతుంది కాబట్టి, తినాలనుకున్నదానికంటే కొంచెం పల్చగా ఉన్నప్పుడే ఆపండి.

ఉప్పు చివర్లో, దించబోయే ముందు వేయండి. పంచదార గ్రోత్‌లో అసలు వేయరు, దాల్చినచెక్కతో కలిపి పైన చల్లుకుంటారు. ఉడుకుతున్న పాలలో తీపి వేస్తే అడుగు ఇంకా తొందరగా మాడుతుంది. పరమాన్నంలో బెల్లాన్ని దించాక కలిపే ఇళ్ళలో వాళ్ళకు ఈ జాగ్రత్త కొత్తేమీ కాదు, అక్కడి భయం పాలు విరగడం, ఇక్కడి భయం మాడు.

ప్రెషర్ కుక్కర్ వాడకండి. పాలు, బియ్యపు పిండి కలిసిన నురగ పైకి లేచి ఆవిరి గొట్టానికి అడ్డుపడుతుంది.

పొయ్యి దగ్గర గంటసేపు నిలబడటం కుదరనివాళ్ళకు నార్వేలో ఒక పాత ఉపాయం ఉంది. పాలు పోశాక ఒక పొంగు వచ్చి, సన్న మంట మీద అయిదు నిమిషాలు ఉడికాక గట్టిగా మూత పెట్టి, గిన్నెను వార్తాపత్రికల్లో చుట్టి, దాని మీద తువ్వాళ్ళు చుట్టి, మంచం మీద బొంతలో పెట్టేస్తారు. రెండు మూడు గంటల్లో ఆ వేడికే అన్నం ఉడికిపోతుంది, అడుగంటే ప్రశ్నే లేదు. కొలతలో సగం వండితే మాత్రం ఈ ఉపాయం పారదు. తక్కువ గ్రోత్‌లో వేడి నిలవదు, గింజ పలుకుగానే ఉండిపోతుంది.

అడుగంటిందే అనుకోండి. మాడు వాసన తగలగానే గరిటె పెట్టి గీకకండి. తిప్పకుండా, పైనున్నది మెల్లగా ఇంకో గిన్నెలోకి వంపేసి, అందులో ఉడికించండి. మాడు ఇంకా బాగా తగులుతుంటే ఆ గ్రోత్ నిస్సెకు పెట్టొద్దు. దాల్చినచెక్కతో కప్పెయ్యాలన్న ఆలోచన అసలు రానివ్వొద్దు. కింద చెప్పే నార్వేలోని హాలింగ్‌దాల్ లోయ కథ చదివితే ఎందుకో తెలుస్తుంది.

వెన్న కన్ను

నార్వేలో దీన్ని స్మోర్‌ఓయె అంటారు, వెన్న కన్ను అని అర్థం. తెల్లటి గ్రోత్ నడుమ పసుపుపచ్చగా కరుగుతూ నిలబడ్డ ముద్దను చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలిసిపోతుంది.

నిస్సె వాటాను అందరికంటే ముందు తీయండి. చిన్న చెక్క గిన్నె, ఒకటిన్నర డెసిలీటరు పట్టేది చాలు. చెక్కది లేకపోతే మట్టిది. స్టీలు, ప్లాస్టిక్ వద్దనడానికి కథల్లో కారణమేదీ లేదు, కానీ చెక్క గిన్నె వేడిని ఆపుతుంది, బయట చలిలో అది పనికొస్తుంది. గ్రోత్‌ను అంచుకు ఒక వేలెడు తక్కువగా పోసి, అయిదు నిమిషాలు ఆగండి. ఈ అయిదు నిమిషాలు చాలా ముఖ్యం. వెన్న 32 నుంచి 35 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. పొయ్యి మీంచి దించిన గ్రోత్‌లో వేస్తే ముద్ద నిలవదు, నూనెలా పరుచుకుని గిన్నె అంచులకు పోతుంది. చీకట్లో దీపం పెట్టి చూస్తే అక్కడ వెన్న వేసినట్టే తెలియదు. ఆవు చచ్చిన కథ మళ్ళీ మొదటికొస్తుంది.

అయిదు నిమిషాలయ్యాక పైన పల్చటి పొర కడుతుంది. చెంచా వెనకతో నడుమ అంగుళం వెడల్పున గుంట నొక్కండి. ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన వెన్నను రెండున్నర సెంటీమీటర్ల ఘనంగా కోస్తే 15 గ్రాములొస్తుంది. దాన్ని గుంటలో నిలబెట్టండి, లోపలికి నొక్కొద్దు. ఒక నిమిషంలో అడుగు కరిగి గుంటలో బంగారు రంగు మడుగు కడుతుంది, ముద్ద మాత్రం పైకి కనబడుతూ ఉంటుంది. అదే కావలసింది.

నెయ్యి వేయొచ్చా అని చాలామందికి తోస్తుంది. రుచికి తిరుగులేదు, కానీ వేడి గ్రోత్ మీద నెయ్యి వెంటనే కరిగి ఇంకిపోతుంది, కన్ను నిలవదు. ఉప్పు కలిసిన వెన్న దొరికితే అది వాడండి, నార్వే ఇళ్ళలో ఎక్కువగా ఉండేది అదే.

దాల్చినచెక్క, పంచదార వెన్న చుట్టూ చల్లండి, వెన్న మీద చల్లకండి. మళ్ళీ అదే కారణం.

ఎక్కడ, ఎవరు, ఎలా పెట్టాలి

అసలు చోటు పశువుల కొట్టం, లేదా గడ్డి నిల్వచేసే అటక. పల్లెల్లో అతన్ని ఫ్యోస్‌నిస్సె అనేది అందుకే, ఫ్యోస్ అంటే పశువుల కొట్టం. కొట్టం లేనివాళ్ళు గుమ్మం బయట మెట్టు మీద పెడతారు. అపార్ట్‌మెంట్లలో బాల్కనీ. గిన్నెతోపాటు చెక్క చెంచా ఒకటి ఉంచండి. పాత పద్ధతిలో పక్కనే ఒక చిన్న లోటాలో బీరు కూడా పెట్టేవాళ్ళు, అది మీ ఇష్టం.

గడ్డి ఉన్నచోటికి కొవ్వొత్తి తీసుకెళ్ళొద్దు. ఎండుగడ్డి ఒక్క రవ్వకే అంటుకుంటుంది. టార్చిలైటు పట్టుకెళ్ళి, గిన్నె పెట్టి, ఆ టార్చితోనే వెనక్కి రండి.

మన ఊళ్ళలో పెట్టేవాళ్ళకు వేరే బెడద ఉంది, చీమలు. వెడల్పాటి పళ్ళెంలో రెండు వేళ్ళ లోతు నీళ్ళు పోసి, నడుమ చిన్న కప్పు బోర్లించి, దాని మీద గిన్నె ఉంచండి. పిల్లులు తిరిగే చోటైతే ఎత్తుగా పెట్టండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, వెన్నా పంచదారా కలిసిన గ్రోత్ ఇంకా చేటు.

మర్యాద మాటలు కొద్దిగా చాలు. గిన్నె పెట్టి, ఏడాది పనికి ఇది నీది అని ఒక్క మాట అని వచ్చేయాలి. తలుపు సందులోంచి తొంగిచూడ్డం, ఫోను పెట్టి వీడియో తీయడం వద్దు. అతను కనబడకుండా ఉండటమే ఒప్పందంలో అతని వైపు షరతు. పిల్లలకు ఇదే కష్టం, అందుకని పెట్టి రాగానే వాళ్ళ చేతిలో గ్రోత్ గిన్నె పెట్టి కూర్చోబెట్టండి.

గిన్నె తీసుకెళ్ళేవాళ్ళు ఎవరన్నదీ ముఖ్యమే. హాలింగ్‌దాల్ లోయలో చెప్పే కథలో, నిస్సెకు వండిన రొమ్మెగ్రోత్‌ను తీసుకెళ్ళమని ఒక పిల్లకు ఇస్తే, ఇంత మంచి తిండి వాడికెందుకని దారిలో తనే తినేసింది. పైన తేలిన వెన్న కూడా తాగేసి, పందుల తొట్టిలో ఓట్స్ గ్రోత్, పుల్లపాలు పోసి తీసుకెళ్ళి వాడి ముందు పెట్టి, వికారం మొహమా తిను అంది. నిస్సె ఆమె చెయ్యి పట్టుకుని నాట్యం మొదలుపెట్టాడు. తెల్లారేదాకా ఆపలేదు. పొద్దున జనం వచ్చేసరికి ఆమె కొన ఊపిరితో పడి ఉంది. నాసిరకం గ్రోత్ పెట్టినా, పెట్టేటప్పుడు నోరు పారేసుకున్నా ఏమవుతుందో ఈ కథలో ఉంది. మాడిన గ్రోత్ గురించి పైన అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

బట్టలు ఇవ్వొద్దు

ఇది తెలియక మంచి మనసుతో చేసే తప్పు. పాపం చలిలో చిరుగు బట్టలతో తిరుగుతున్నాడని బుల్లి స్వెట్టరు అల్లి గిన్నె పక్కన పెడతారు. నిస్సె ఆ రాత్రితో పని మానేస్తాడు. స్వీడన్ కథలో తొమ్తె ప్రతి రాత్రి పిండి జల్లించేవాడు. యజమానురాలు ముచ్చటపడి కొత్త బట్టలు కుట్టి పెట్టింది. అవి తొడుక్కుని మురిసిపోయి, ఇంత మంచి బట్టలేసుకుని పిండిలో చెయ్యి పెడితే మాసిపోవూ అని జల్లెడ పక్కన పడేశాడు. నార్వే జానపద పండితుడు రెయిదార్ క్రిస్టియాన్సెన్ 1958లో వేసిన సంచార కథల (దేశం నుంచి దేశానికి పాకే కథల) పట్టికలో కొత్త బట్టల కథకు 7015 అని సంఖ్య ఉంది. స్కాట్లాండ్‌లో ఇంటిపని చేసిపెట్టే బ్రౌనీ అనే పొట్టివాడికీ ఇదే కథ చెబుతారు, అతనికి పెట్టేది గిన్నెడు మీగడ, రొట్టె. జర్మనీలో గ్రిమ్ సోదరుల సంపుటంలో 39వ కథగా వచ్చిన చెప్పులు కుట్టే మరుగుజ్జులూ కొత్త బట్టలు చూశాకే ఎగిరి గంతేసి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఇంత దూరదూర ఊళ్ళలో ఒకే మాట చెబుతున్నారంటే దాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. కూలికి కుదిరిన తిండి వేరు, యజమాని ఇష్టంగా ఇచ్చే బట్టలు వేరు. రెండోది అందుకుంటే అక్కడితో లెక్క తేలిపోయినట్టే.

మోస్తున్న బరువు చూసి నవ్వడం కూడా తప్పే. అదే పట్టికలో 7005 సంఖ్య కథలో నిస్సె ఒక్క గింజల కంకి మోసుకొస్తూ ఆయాసపడుతుంటే రైతు వెటకారం చేస్తాడు. అయితే ఇక నీ బరువే మోస్తా చూడు అని నిస్సె ఆ ఇంటి సిరి అంతా పక్క పొలానికి మోసుకుపోతాడు.

గుర్రం జూలులో చిక్కుపడ్డ జడ కనబడితే దాన్ని నిస్సె జడ అంటారు, కత్తిరించరు. మన ఇళ్ళలో గుర్రాలు లేవు కాబట్టి ఇక్కడితో ఆపుదాం.

పిల్లలతో చేసేవాళ్ళకు

ముందు ఒక గందరగోళం విడదీయాలి. సంచీతో బహుమతులు తెచ్చే యూలెనిస్సె వేరు, కొట్టంలో పనిచేసే నిస్సె వేరు. తెల్లగడ్డం, ఎర్ర టోపీ పొట్టివాడి బొమ్మ 19వ శతాబ్దం చివర్లో క్రిస్మస్ కార్డుల మీదుగా ఊరూరా పాకింది. 1881లో స్వీడన్ చిత్రకారిణి యెన్నీ న్యూస్త్రోమ్ గీసిన తొమ్తె బొమ్మలు అందులో పెద్ద పాత్ర వహించాయి. తరవాత బహుమతుల తాత, కొట్టం నిస్సె ఒకరిలో ఒకరు కలిసిపోయారు. పిల్లలకు చెప్పేటప్పుడు, తాత ఇవ్వడానికి వస్తాడు, నిస్సె తనకు రావలసింది తీసుకోడానికి వస్తాడు అని చెబితే తేలిగ్గా పట్టుకుంటారు.

ఆవు కథ అయిదేళ్ళు దాటిన పిల్లలకు చెప్పొచ్చు, కొత్త ఆవు వచ్చేదాకా చెప్పి తీరాలి, నడుమ ఆపితే పిల్లలకు నిద్రపట్టదు. నాట్యం కథ ఇంకా పెద్దవాళ్ళకు. మరీ చిన్నపిల్లలకు కథ లేకుండా వెన్న పెట్టే పని అప్పగించండి. గుంట నొక్కడం, ముద్ద నిలబెట్టడం మూడేళ్ళ పిల్లలు కూడా చేస్తారు.

డెన్మార్క్, నార్వే ఇళ్ళలో ఇప్పుడు డిసెంబరు మొదట్లో గోడ అడుగున జానెడు తలుపు ఒకటి అతికించి, దాని వెనక నిస్సె ఉంటున్నాడని పిల్లలకు చెబుతారు. రాత్రిళ్ళు అతను చేసే అల్లరి పెద్దవాళ్ళే చేయాలి, పాలు ఆకుపచ్చగా మార్చడం, చెప్పులన్నీ దారంతో కట్టెయ్యడం వంటివి. ఇరవై నాలుగు రాత్రులు కొత్త అల్లరి కనిపెట్టడం అలసటే, వారానికి రెండు చాలు. గిన్నె ఆచారానికి ఈ తలుపు అవసరమేమీ లేదు.

తెల్లారాక

గిన్నె ఖాళీగా ఉన్నా, నిండుగా ఉన్నా, అందులోది ఇంట్లోవాళ్ళు తినకూడదు. నమ్మకం పక్కన పెట్టినా, వండిన అన్నం రెండు గంటలకు మించి బయట ఉంటే అందులో పెరిగే సూక్ష్మజీవి విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఓస్లోలో రాత్రంతా గడ్డకట్టి ఉంటుంది కానీ విజయవాడలో డిసెంబరు రాత్రి అంత చలి ఉండదు. గిన్నెలోది చెట్టు మొదట్లో గుంట తీసి పూడ్చండి, వెన్న ఉంది కాబట్టి పైపైన పారేస్తే ఎలుకలు చేరతాయి. చెక్క గిన్నెను వేడినీళ్ళతో కడిగి నీడన ఆరబెట్టండి. నీళ్ళలో నానబెడితే పగులుతుంది.

మనుషులకు మిగిలిన గ్రోత్ వేరే సంగతి. తినగానే చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టినదైతే మర్నాటికి రీస్‌క్రెమ్ చేసుకోవచ్చు. మూడు కప్పుల చల్లటి గ్రోత్‌ను ముందు చెంచాతో విడదీసి, ఒకటిన్నర కప్పుల మీగడను రెండు టేబుల్ స్పూన్ల పంచదారతో గిలకొట్టి, మెల్లగా కలపండి. గ్రోత్ గడ్డకట్టి ఉండలుగా ఉంటే రెండు చెంచాల పాలు చిలకరించండి. పొట్టు తీసిన బాదంపప్పు ఒకటి అందులో దాచి పెట్టడం ఆనవాయితీ, ఎవరి గిన్నెలో దొరికితే వాళ్ళకు బాదంపిండితో చేసిన పందిబొమ్మ. బాదం దొరికినవాళ్ళు బుగ్గలో దాచుకుని, అందరూ తినడం పూర్తయ్యాకే బయటపెట్టాలి, లేకపోతే రీస్‌క్రెమ్ సగంలోనే ఆగిపోతుంది.

ఇల్లు మారేవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది, కొత్త ఇంట్లో నిస్సెను ఎలా పిలవాలని. రష్యాలో ఇంటిని కనిపెట్టుకుని ఉండే దొమవోయ్‌నైతే పాత పొయ్యిలోని నిప్పులు కుండలో పెట్టుకుని, లేదా పాత చెప్పు ఈడ్చుకుంటూ, తాతా మాతో రా అని పిలిచి తీసుకెళ్ళాలి. నిస్సెకు ఆ పిలుపు అక్కర్లేదు. పైన చెప్పిన పట్టికలోని 7020 సంఖ్య కథలో, నిస్సె పోరు పడలేక రైతు సామానంతా బండ్లకెత్తి ఊరు విడిచి పోతుంటాడు. దారిలో ఎదురైన మనిషి ఎక్కడికని అడిగితే, రైతు నోరు తెరిచేలోపే చివరి బండిలో ఉన్న పీపాలోంచి ఎర్ర టోపీ పైకి లేస్తుంది. ఇవాళ ఇల్లు మారుతున్నామండీ అంటుంది.